రెండు పళ్లే కదా

రెండు పళ్లే కదా అని నన్ను ఓదార్చిన వాళ్లందరికీ నోటినిండా పళ్లున్నాయి, ఒక్క మా అత్తమ్మకు తప్ప. ఆమెకు పైనా కిందా కలిపి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వాటితోనే కాల్చిన మక్కకంకి తినేది, చెరుకుగడ చీల్చేది. అందుకే ఓదార్చేవాళ్లలో ఆమె గొంతు అందరికంటే గట్టిది.

"నాకు గిన్ని లేకున్నా నడుస్తలేదా పిల్లా? నీకు పోయినయి రెండే గదా!"

నాకు నడవదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ ఎక్కించలేకపోయాను.

అప్పట్లో, అంటే డెబ్బైల చివర్లో, నేను వరంగల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు బోర్డు మీద పనిచేసేదాన్ని. వేరే ఊరికి ఫోన్ చేయాలంటే జనం ముందు మాకు నంబరు చెప్పాలి. మేము ఆ ఊరి ఆపరేటర్‌ను పిలిచి, నంబరు అందించి, లైను కలపాలి. చెవులకు హెడ్‌సెట్టు, ఎదురుగా మిణుకుమనే దీపాలు, చేతిలో తీగలు. ఈ పనిలో మనిషి ముఖంతో ఎవరికీ అవసరం లేదు, గొంతుతోనే అంతా. బియ్యం వ్యాపారులకూ, బట్టల దుకాణాల వాళ్లకూ, ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో కొడుకుల్ని ఉంచిన తల్లిదండ్రులకూ నేనెలా ఉంటానో తెలియదు గాని నా గొంతు తెలుసు. లైనులో ఎంత గరగర ఉన్నా నా అంకెలు స్పష్టంగా వినిపిస్తాయని అందరూ అనేవారు. అది విని లోలోపల పొంగిపోయేదాన్ని కూడా.

పళ్లు పోయింది మేడారం జాతరకు పోతున్నప్పుడు. అంతకుముందు ఏడాది మా ఆయనకు పచ్చకామెర్లు ముదిరితే, తగ్గితే ఆయన ఎత్తు బంగారం ఇస్తానని అత్తమ్మ తల్లులకు మొక్కుకుంది. అక్కడ బంగారమంటే బెల్లమే. బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఒక బెల్లం మూట నా ఒడిలో పెట్టి, కింద పడితే పాపమని చెప్పి, రెండు చేతులతో పట్టుకొమ్మంది అత్తమ్మ. అలాగే పట్టుకున్నాను. తాడ్వాయి దాటాక అడవిలో ఎడ్లబండి అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. అందరి చేతులూ ముందు సీటు కమ్మీని పట్టుకున్నాయి. నా చేతులు బెల్లాన్ని పట్టుకున్నాయి, కమ్మీని నా నోరు పట్టుకుంది.

పైవరసలో ముందు పన్ను ఒకటి చేతిలోకి ఊడివచ్చింది. దాని పక్కది చిగురు దాకా విరిగింది. రవికంతా రక్తం. బెల్లం మూటకు ఏమీ కాలేదు.

"తల్లి రెండు పండ్లు తీస్కొని పానం ఇడిసిపెట్టింది బిడ్డా, దండం పెట్టుకో" అంది అత్తమ్మ, నా పెదవికి పసుపు అద్దుతూ.

వెనక్కి పోదామన్న మాట ఎవరి నోటా రాలేదు. జాతర దవాఖాన గుడారంలో దూది పెట్టి పంపించారు. వాచిన మూతితో గద్దెల దగ్గర జనంలో నలుగుతూ నేను ఆలోచించింది ఒక్కటే, సోమవారం నా డ్యూటీ.

సోమవారం బోర్డు ముందు కూర్చుని నోరు తెరిచాక సంగతి నాకే తెలిసింది. ఫోర్ అంటే హోర్ అని, ఫైవ్ అంటే హై అని వస్తోంది. సెవెన్ సగం గాలే. పై పళ్లు కింది పెదవికి తాకితేనే ఆ అక్షరాలు పలుకుతాయని నాకు అంతవరకు ఎవరు చెప్పారు? అవతలి ఆపరేటర్లు మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అని అరవడం మొదలుపెట్టారు. మా సూపర్‌వైజర్ మేడం కాసేపు నా లైను విని, వచ్చి నా భుజం తట్టింది.

"హోర్ అంటానవ్, హై అంటానవ్. దగ్గరున్న నాకే సమజ్ అయితలేదు. పండ్లు బాగయ్యేదాక వెనక రూములకు పో."

వెనక గదిలో పని, అయిపోయిన కాల్స్ చీటీలను తేదీలవారీగా సర్దడం. గోడ అవతల నా సీటులో ఇంకొకరు మాట్లాడుతుంటే వింటూ చీటీలు సర్దాను.

హనుమకొండ చౌరస్తాలో ఒక మేడ మీద కొత్తగా పళ్ల డాక్టరు వచ్చాడు. హైదరాబాద్‌లో చదువుకొని వచ్చిన కుర్రవాడు. విరిగిన పంటి వేరు తీసేశాడు. చిగురు మానాక సెట్టు చేసి ఇచ్చాడు. సెట్టంటే అంగిట్లో అతుక్కునే గులాబిరంగు ప్లాస్టిక్ రేకు, దానికి రెండు పళ్లు, పక్క పళ్లకు తగిలించుకునే తీగ కొక్కేలు. అద్దంలో చూస్తే ముఖం నాదే అనిపించింది. మాట్లాడితే మాత్రం నోట్లో ఎవరో ఈల వేస్తున్నారు. స అన్న అక్షరం వచ్చినప్పుడల్లా ఈల.

"అలవాటైతదమ్మా. జర గట్టిగ పేపర్ చదువుకుంట ప్రాక్టీస్ చేయుండ్రి" అన్నాడు డాక్టరు.

రోజూ పేపరు చదివాను. మా ఆయన ధాన్యం మార్కెట్లో, కమీషన్ మీద వడ్లు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. పొద్దున టీ తాగుతూ నా చదువు విని, "రైలింజను కూతేసినట్టున్నది" అని నవ్వేవాడు. నవ్వడానికి ఆయనకేం, పొద్దంతా వడ్లబస్తాలతో మాట్లాడే మనిషి.

మేడం దయతలచి నన్ను మళ్లీ బోర్డు మీద కూర్చోబెట్టింది. రోజూ పొద్దున్నే విజయవాడకు కాల్ బుక్ చేసే బియ్యం వ్యాపారి ఒకాయన ఉండేవాడు. నన్ను కన్నకూతుర్ని పిలిచినట్టు పిలిచేవాడు. ఆ రోజు ఆయనే లైనులోకి వచ్చాడు. నేను నంబరు అడిగాను.

"అమ్మా, నువ్వు కొత్తగ వచ్చినట్టున్నవ్. గా పాతామెకు ఇయ్యి జర. గామె అయితే జల్ది కలుపుతది."

"నేనేనండి పాతామెను" అన్నాను, ఈలతో సహా.

"నువ్వెట్లయితవ్ తల్లీ? గామె గొంతు నాకెరుక లేదా?"

"నిజంగ నేనే. పళ్లు పోతే కట్టించుకున్న."

"గవన్నీ నాకెందుకమ్మా? మీ మేడంకు ఇయ్యి!"

నేను నేనేనని ఒక బియ్యం వ్యాపారిని నమ్మించలేక లైను మేడంకు ఇచ్చాను. ఆమె తీసుకొని, నా ముఖం చూస్తూనే, "ఆమె లీవుల ఉన్నదండి, వచ్చినంక చెప్త" అంది. లైను పెట్టేసి, "ఏం జేస్త మరి? గట్ల చెప్పకుంటే ఇడిచిపెట్టడు" అంది నాతో. నేను వెళ్లి చీటీల గదిలో కూర్చున్నాను. ఈసారి ఎవరూ పొమ్మనలేదు.

ఆ సెట్టు ఇంకొన్నాళ్లు బతికేదేమో. పడుకునేముందు దాన్ని తీసి స్టీలు గ్లాసులో నీళ్లు పోసి కిటికీలో పెట్టేదాన్ని. ఒక పొద్దున అత్తమ్మ, రాత్రి నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయని గ్లాసు తీసుకుపోయి మోరీలో పారబోసింది. నేను మొత్తుకుంటూ పరుగెత్తి, కట్టెపుల్లతో కెలికి, ఎలాగో బయటికి తీశాను. సబ్బుతో కడిగి అరుగు మీద పెట్టి స్నానానికి పోయాను. అక్కడ నా బుద్ధి గడ్డి తిన్నది. వచ్చేసరికి అరుగు మీద సెట్టు లేదు. పొయ్యి మీద గిన్నె ఉంది.

"మోరీల పడ్డది గట్లనే నోట్ల పెట్టుకుంటవా? ఉప్పు, పసుపు ఏసి మంచిగ మసలవెట్టిన" అంది అత్తమ్మ.

గిన్నెలోంచి తీస్తే రేకు అప్పడంలా వంకర తిరిగింది. రెండు పళ్లూ పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఈ ఇంట్లో ఒక్క వస్తువు, ఒక్కటంటే ఒక్కటి, నా నోట్లో ఉండాల్సింది కూడా, నా చెప్పుచేతల్లో ఉండదా అనిపించింది.

డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఉడకవెట్టిండ్రా?" అని అడిగి, నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. తర్వాత నెమ్మదిగా బ్రిడ్జి సంగతి చెప్పాడు. పోయిన పళ్లకు అటొకటి, ఇటొకటి ఉన్న పళ్లను చుట్టూ అరగదీసి, వాటి మీద తొడుగులు ఎక్కిస్తారట. మధ్యలో రెండు పళ్లు ఆ తొడుగులకు కలిసే ఉంటాయట. సిమెంటు పెట్టి అతికిస్తే ఇక తీయడం, పెట్టడం ఉండదు. అంగిట్లో రేకు ఉండదు కాబట్టి ఈల కూడా ఉండదు.

ఈల ఉండదన్న మాట దగ్గరే నేను ఒప్పుకున్నాను. ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

"ఇంకో సెట్టు చేయించుకోరాదు? గింతదానికి మంచి పండ్లు పాడుచేసుకుంటరా ఎవలన్న?" అన్నాడు మా ఆయన.

"మాట్లాడేది నేను, మీరు కాదు" అన్నాను. ఆ పూట ఇంక ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒక్కదాన్ని పంపితే డాక్టరు ఎన్ని పళ్లు అరగదీస్తాడోనని అత్తమ్మ నాతో బయలుదేరింది. మెట్లెక్కి, ఆయాసం తీరకముందే డాక్టరుతో పేచీ పెట్టుకుంది.

"పోయినయి ఎట్లాగు పోయినయి. ఉన్నయి ఎందుకు చెడగొడ్తవ్ కొడుకా?"

"బ్రిడ్జి నిలవడాలంటే రెండు దిక్కుల దిమ్మెలు ఉండాలె గదమ్మా."

"దిమ్మెలు కావాల్నంటే కొత్తయి కట్టుకుంటరు. ఉన్న ఇంటిగోడలు చెక్కుతరా?"

డాక్టరు తల గోక్కున్నాడు. "దవడబొక్కల కొత్త దిమ్మె పాతుడు ఫారిన్ల చేస్తున్నరని పుస్తకాలల్ల చదివిన. మనదిక్కు ఇంక రాలేదమ్మా."

ఇప్పుడు అదే చౌరస్తాలో దవడలో స్క్రూ బిగించి పన్ను పెడతామని బోర్డులు వేలాడుతున్నాయి. ఆ రోజు ఆ మాట నాకు చంద్రమండలం కబురులా వినిపించింది. అత్తమ్మ మాత్రం, "గది వచ్చేదాక ఆగరాదు?" అంది. నేను వెళ్లి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాను.

సూది వేశాక పెదవి మొద్దుబారింది. మిషను గుయ్యిమంటూ తిరిగింది. ఒక పన్ను అయింది. రెండోది సగమయ్యేసరికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, మిషను ఆగింది, కింద రేడియో దుకాణంలో పాట ఆగింది. డాక్టరు కాసేపు చూసి, కిందికి దిగి కనుక్కొని వచ్చాడు. లైను రిపేరట, సాయంత్రం దాకా రాదట. అప్పటికి సూది మత్తు దిగిపోతుంది.

మూలన గుడ్డ కప్పి ఉన్న ఒక పాత మిషను లాగాడు. కాలితో తొక్కేది. ఎవరో పెద్ద డాక్టరు దగ్గర కొన్నాడట. ఒంటికాలి మీద నిలబడి, ఇంకో కాలితో తొక్కుతూ, రెండు చేతులూ నా నోట్లో పెట్టాడు. కాలు మీద మనసు పెడితే చెయ్యి ఆగుతోంది, చెయ్యి మీద పెడితే కాలు ఆగుతోంది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"జరుగు కొడుకా, నేను తొక్కుత" అన్న మాట వినిపించింది. "కుట్టుమిషన్ తొక్కి తొక్కే పిల్లల పెండ్లిళ్లు చేసిన."

కళ్లు తెరిచేసరికి అత్తమ్మ స్టూలు జరుపుకొని, చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని కూర్చుంది. డాక్టరు నా వైపు చూశాడు. నా నోటినిండా దూది. వద్దనాలో, సరే అనాలో నాకే తెలియలేదు. నన్ను అడిగినవాళ్లు కూడా ఎవరూ లేరు. ఆమె తొక్కడం మొదలుపెట్టింది.

మిషను ఒక్కతీరుగా తిరిగింది. ఆ చప్పుడుతో పాటు ఆమె గొణుగుడు కూడా. "మంచి పండు... రాయసొంటి పండు... చూసుకుంట చూసుకుంట అరగదీస్తానం..." తిడుతూనే ఉంది, తొక్కుతూనే ఉంది. "ఇగ చాలు, ఇంకెంత?" అంటుంది. "అయిపోవచ్చిందమ్మా, ఆపకుండ్రి" అంటాడు డాక్టరు. చెమట చెంపల మీదికి కారుతున్నా ఆమె పాదం ఆగలేదు. అయిపోయాక కొంగుతో ముఖం తుడుచుకొని, నా నోట్లోకి వంగి చూసింది. సన్నగా, పుల్లల్లా మిగిలాయి ఆ రెండు పళ్లు. మెట్లు దిగేటప్పుడు నా రెక్క పట్టుకుంది.

"నొచ్చిందా బిడ్డా?"

లేదని తల ఊపాను.

"సోడ తాగుతవా? సల్లగ?"

అరగదీసిన పళ్లకు చల్లటి సోడా! ఆమెతో ఎలా వేగాలో నాకు ఆ రోజుకీ అర్థం కాలేదు. ఆమె కొనిచ్చిన సోడాను చేతిలో పట్టుకొని, వేడెక్కేదాకా చౌరస్తాలో నిలబడి, తాగాను.

డాక్టరు తీసిన నా పళ్ల అచ్చులు హైదరాబాద్‌లో పళ్లు చేసే ల్యాబుకు వెళ్లాయి. అవి వచ్చేదాకా ప్లాస్టిక్ తొడుగులు పెట్టాడు డాక్టరు. అవి అన్నం ముద్దతో పాటు ఊడివచ్చేవి. ఇదిగో అదిగో అని తిప్పి తిప్పి, చివరికి ఒకరోజు కబురు పంపాడు, బ్రిడ్జి వచ్చిందని. ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. నోట్లో పెట్టి నొక్కాడు. ఎక్కలేదు. తీసి, ఏదో గీకి, మళ్లీ నొక్కాడు. సగం ఎక్కింది. అద్దం ఇచ్చాడు. అద్దంలో నా నోట్లోంచి ఎవరో మీసాల పెద్దమనిషి నవ్వుతున్నాడు. పలకల్లాంటి పళ్లు, పొగాకు తిన్నట్టు పసుపు రంగు.

"ఇవి నావి కావు" అన్నాను.

"జర అడ్జస్ట్ చేస్తనమ్మా. అలవాటైతయి."

ఈ అలవాటు మాట వినీ వినీ నాకు విసుగు పుట్టి ఉంది. బస్సులో కమ్మీ తగిలిన రోజు నుంచి దాచుకున్నదంతా అక్కడే కక్కేశాను. "ఎవలియో పండ్లకు నేనెందుకు అలవాటు కావాలె? నా పండ్లు పోతే రెండు పండ్లేనంటరు. ఈల వస్తే పేపర్ చదువమంటరు. ఉన్న పండ్లు అరగదీసిండ్రు, ఊకున్న. ఇప్పుడు మీసాలాయన పండ్లు తెచ్చి పెడ్తరా? ఆయన యాడనో నా పండ్లు పెట్టుకొని కూసున్నడు!"

బయట బెంచీ మీద వాళ్లంతా గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. డాక్టరు ముఖం ఎర్రబడింది. ల్యాబుకు ట్రంకు బుక్ చేసి అడుగుతానన్నాడు, గంటలు పడుతుందని కూడా అన్నాడు. నేను లేచి ఆయన బల్ల మీది ఫోను తీసి మా ఎక్స్ఛేంజీకి డయల్ చేశాను. అటువైపు నా పక్క సీటు అమ్మాయి. ఆ పరాయి పళ్లతోనే రెండు మాటలన్నానో లేదో, "అక్కా, నువ్వేనా? ఏమైంది గట్ల ఉన్నవ్? ఆగు, ఇప్పుడే కలుపుతాన" అంది.

ఫోను డాక్టరు చేతికిచ్చేశాను.

తేలిందేమంటే, ఒకే రోజు పంపిన రెండు పార్శిళ్లు ల్యాబులో తారుమారయ్యాయి. నా పళ్లు నల్లగొండకు పోయాయి. అక్కడ ఎవరో వాటిని నోట్లో పెట్టి చూసుకొని తిప్పి పంపారట. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "అయితే గవే తెప్పిచ్చి మంచిగ కడుగుకోరాదు?" అన్నాడు. అత్తమ్మే ఆయన మీద విరుచుకుపడింది. "నీ నోట్ల పెట్టుకుంటవారా పక్కోని పండ్లు?" ఆ ఒక్కసారి ఆమె నా పక్షాన మాట్లాడింది.

మళ్లీ చేయించారు. మళ్లీ తిరిగాను. ఈసారి పెట్టగానే కూర్చుంది. పక్క పళ్లకంటే కొంచెం తెలుపు ఎక్కువ, అంతే. డాక్టరు సిమెంటు కలిపి పెట్టి, దూది కరిచిపట్టుకొమ్మన్నాడు. దూది తీశాక ఏదైనా అనమన్నాడు. నేను ఫైవ్ అన్నాను. ఫైవ్ అనే వినిపించింది. మళ్లీ అన్నాను. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. పాపం, నా వల్ల ఆయన కూడా తక్కువ తిప్పలు పడలేదు.

మర్నాడు మేడం నన్ను ఊరికే బోర్డు ముందు కూర్చోనివ్వలేదు. పక్క గదిలోంచి లైను మీద తను అంకెలు చదువుతుంటే నేను తిరిగి చెప్పాలి. కావాలనే అన్నీ ఫోర్లు, ఫైవ్‌లు, సెవెన్‌లే ఏరింది. చాలాసేపు చెప్పించుకొని, "సరే, పోయి నీ సీట్ల కూసో" అంది. మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు.

నా సీటులో ఇంకా కొన్నేళ్లు కూర్చున్నాను. ఎనభైలలో ఎస్టీడీ వచ్చింది. జనమే నేరుగా నంబరు తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఇంత తిప్పలూ పడి నిలబెట్టుకున్న గొంతు అవసరం ఏడాదికేడాది తగ్గిపోయింది. ఎవరిమీద విసుక్కోవాలో తెలియని విసుగు అది.

కానీ ఆ మొదటి రోజు అలా కాదు. పత్తి సీజను. దీపాలన్నీ ఒకేసారి వెలుగుతున్నాయి. నిజామాబాద్, గుంటూరు, విజయవాడ, మళ్లీ గుంటూరు. మంచినీళ్లకు కూడా లేవలేదు. అంకె తర్వాత అంకె, ఒక్కరు కూడా మళ్లీ చెప్పమనలేదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి గొంతు బొంగురుపోయింది.

అత్తమ్మ గడపలోనే ఎదురొచ్చింది. "ఎట్లయింది పిల్లా? మాట మంచిగ వచ్చిందా? మీ మేడం ఏమన్నది?"

రేపు చెప్తానని చేత్తో సైగ చేసి, చాప పరుచుకొని పడుకున్నాను.